కొత్త చిన్న సెడానా, నాలుగేళ్ల పెద్ద హైబ్రిడ్డా?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో ఐదుగురు, వాళ్లలో ఒకరు చంటిపిల్ల, ఇంకొకరు మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరుగుతారు, అందులో ఎక్కువ భాగం ట్రాఫిక్‌లోనే. మీ దగ్గరున్న డబ్బుకి కొత్త చిన్న పెట్రోలు సెడాన్ వస్తుంది, లేదంటే నాలుగేళ్లు వాడిన పెద్ద హైబ్రిడ్ సెడాన్ (పెట్రోలు ఇంజన్‌తోపాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండేది) వస్తుంది. మైలేజీ బాగా రావాలి, పదేళ్లు పేచీ పెట్టకూడదు. ఏది తీసుకోవాలి?

నేను ఇరవై ఏళ్లకు పైగా రిపేరు షెడ్డులో పనిచేశాను. ఇప్పుడు పాత బండ్లు కొనేవాళ్ల తరఫున వెళ్లి చూసిపెడుతుంటాను. నన్ను అందరూ అడిగేది "ఏ కంపెనీ బండి మంచిది?" అనే. మీరు అలా అడగలేదు, సంతోషం. ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండేళ్ల తేడాలో ఒకటి బంగారం, ఇంకొకటి గుదిబండ అవుతుంది. టొయోటా కామ్రీనే తీసుకోండి. నమ్మకానికి మారుపేరు అంటారు. కానీ 2007 నుంచి 2009 మోడళ్ల దాకా వచ్చిన 2.4 లీటర్ల ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ తాగే జబ్బు ఉండేది. పిస్టన్ రింగుల దగ్గర లోపం. కంపెనీ తర్వాత వారంటీ పొడిగించి బాగుచేసి ఇవ్వాల్సి వచ్చింది. అదే కామ్రీకి 2010 మోడల్‌లో 2.5 లీటర్ల కొత్త ఇంజన్ పెట్టారు, ఆ గొడవ సద్దుమణిగింది. పేరు చూసి కొన్నవాడికి ఈ రెండు బండ్లూ ఒకటే. ఇంజన్ చూసి కొన్నవాడికి కాదు.

అందుకే నేను చూసేవి నాలుగు: ఏ ఇంజన్, ఏ గేరుబాక్సు, ఏ సంవత్సరం, ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఎలా బతికింది. మైలేజీ ఆ తర్వాత.

మైలేజీ ఆ తర్వాత అంటే మీకు నచ్చకపోవచ్చు. లెక్క చూడండి. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు లీటరుకి 14 ఇచ్చే బండి నడిపితే 1,070 లీటర్లు కావాలి. 18 ఇచ్చే బండైతే 833. అంటే ఏడాదికి దాదాపు 240 లీటర్ల మిగులు. మంచిదే. మరి 18 నుంచి 22కి వెళ్తే? పెరిగింది మళ్లీ నాలుగే, కానీ మిగిలేది 150 లీటర్లు మాత్రమే. పైకి పోయేకొద్దీ ప్రతి అదనపు కిలోమీటరుకీ ఫలితం తగ్గిపోతుంది. కాబట్టి 12, 13 ఇచ్చే బండిని వదిలించుకోవడంలో లాభం ఉంది గానీ, 20 ఇచ్చేదానికీ 22 ఇచ్చేదానికీ మధ్య నిద్ర మానుకుని ఆలోచించాల్సినంత తేడా లేదు. ఒక గేరుబాక్సు పోయిందంటే ఆ ఖర్చుతో చాలా ఏళ్ల పెట్రోలు వస్తుంది. కొసరు కోసం చూసుకుని అసలు పోగొట్టుకోవడమంటే ఇదే.

ఇంకోమాట. కంపెనీ కాగితం మీద వేసే అంకెలను పాత బండికీ కొత్త బండికీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఉదాహరణకి యూరప్‌లో 2017 దాకా మైలేజీ కొలిచిన ఎన్‌ఈడీసీ పరీక్ష మరీ మెతకది. 11 కిలోమీటర్లు, 20 నిమిషాలు, సగటు వేగం గంటకి 34 కిలోమీటర్లలోపే. దాని స్థానంలో వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ 23 కిలోమీటర్లు నడుస్తుంది, వేగం 131 దాకా వెళ్తుంది. అదే బండి కొత్త పరీక్షలో తక్కువ మైలేజీ చూపిస్తుంది. అంతమాత్రాన బండి చెడిపోయినట్టు కాదు, కొలబద్ద మారింది. నిజమైన మైలేజీ కావాలంటే ఆ బండి వాడుతున్నవాళ్లని అడగండి. వాళ్లు కూడా డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె కాకుండా ట్యాంకు నింపి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే బంకులో నింపి లెక్కకట్టిన అంకె చెప్పాలి. డ్యాష్‌బోర్డుకి కాస్త మొహమాటం ఎక్కువ, మనకి నచ్చేలా చెబుతుంది.

ఇక ఇంజన్ల సంగతి. ఊళ్లో నడిపే కుటుంబానికి నా ఓటు మామూలు పెట్రోలు ఇంజన్‌కి, లేదా హైబ్రిడ్‌కి. చిన్న టర్బో ఇంజన్ (గాలిని బలంగా లోపలికి నెట్టించుకునేది) కాగితం మీద బాగుంటుంది, పికప్ కూడా బాగుంటుంది. కానీ దానికి వేడి ఎక్కువ, ఆయిల్ విషయంలో క్షమాగుణం తక్కువ. ఆయిల్ మార్చడం ఆలస్యం చేసే అలవాటు మీకుంటే టర్బో జోలికి వెళ్లకండి. డీజిల్ అయితే అసలు వద్దు. ఇప్పటి డీజిల్ బండ్లకి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఎడతెరిపి లేకుండా నడవాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే ఇంట్లో అది మూసుకుపోతుంది.

పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్‌కి ఉన్నది గొలుసా (చైన్), రబ్బరు బెల్టా అన్నది తప్పకుండా అడగండి. బెల్ట్ అయితే దానికి గడువుంటుంది, చాలా ఇంజన్లకి లక్ష కిలోమీటర్లు అటూ ఇటూగా. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది. "ఎక్కువ తిరగలేదండీ" అన్న మాట బెల్టుకి వర్తించదు. ఈమధ్య కొన్ని ఇంజన్లలో బెల్టుని ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగేలా పెట్టారు. అందులో తప్పు ఆయిల్ పోసినా, సమయానికి మార్చకపోయినా బెల్టు పొట్టు రాలి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. అలాంటి ఇంజన్ ఉన్న పాత బండిని బిల్లులన్నీ కళ్లతో చూడనిదే ముట్టుకోను.

గేరుబాక్సు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మాన్యువల్ అయితే క్లచ్ తప్ప పెద్ద బాధ ఉండదు. పాతకాలపు పద్ధతి ఆటోమేటిక్ గట్టిది. బెల్టుతో నడిచే, మెట్లు లేకుండా గేరు మారే సీవీటీ ఆటోమేటిక్ మైలేజీ బాగా ఇస్తుంది, నడక మెత్తగా ఉంటుంది, కానీ దాని ఆయిల్ కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన గడువులోనే మార్చాలి. రెండు పొడి క్లచ్‌లుండే ఆటోమేటిక్ నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కి విసిగిస్తుంది. మీ వాడకానికి అది పనికిరాదు. "ఈ గేరుబాక్సులో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అని ఎవరైనా చెబితే, ఎవరి జీవితాంతం అని అడగండి. బండి ఆయుష్షా, వారంటీ ఆయుష్షా?

మీరు చూస్తున్న హైబ్రిడ్ గురించి చాలామందికి ఉన్న భయం తలకిందులుగా ఉంటుంది. "అన్నీ ఎలక్ట్రానిక్సే, పాడైతే ఎవరు చూస్తారు?" అంటారు. టొయోటా హైబ్రిడ్ సెడాన్‌లో సీవీటీ అని రాసి ఉంటుంది గానీ లోపల బెల్టు లేదు, కప్పీలు లేవు. నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ప్లానెటరీ గేరు ఒకటి, రెండు మోటార్లు, అంతే. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ లేదు. పాడయ్యే వస్తువులు పెరగకపోగా కొన్ని తగ్గాయి. హోండా దారి వేరు: ఇంజన్ ఎక్కువసేపు కరెంటు తయారుచేస్తూ ఉంటుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది, హైవే వేగంలో మాత్రం క్లచ్ పడి ఇంజనే నేరుగా చక్రాలు తిప్పుతుంది. రెండూ ట్రాఫిక్‌లోనే తమ పనితనం చూపిస్తాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది. అందుకే బ్రేకు ప్యాడ్లు కూడా ఎక్కువకాలం మన్నుతాయి. ఎప్పుడూ హైవే మీదే నడిపేవాళ్లకి హైబ్రిడ్ లాభం అంతగా ఉండదు. మీరు ట్రాఫిక్ మనిషి కాబట్టి మీకు సరిపోతుంది.

బ్యాటరీ సంగతి. చాలాచోట్ల హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. నాలుగేళ్ల బండి అంటే ఇంకా సగం మిగిలినట్టే, కానీ అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో కాగితం చదివి తెలుసుకోండి. ఇప్పుడు ఎవరూ చెప్పని చిన్న విషయం. ఇలాంటి బండ్లలో చాలావాటికి వెనక సీటు కిందో పక్కనో జల్లెడలాంటి కిటికీ ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చేది అక్కడినుంచే. ఫోను టార్చి వేసి దాన్ని చూడండి. నేను ఒకసారి ఆ జల్లెడ ఊడదీస్తే లోపల బూడిదరంగు బొచ్చు ఒక మెత్తటి చాపలా చుట్టుకుని వచ్చింది, మధ్యలో పిల్లల బిస్కట్ పొట్టు, కుక్క వెంట్రుకలు. ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి ఉక్కపోతలో పనిచేసింది. ఆ కిటికీ శుభ్రంగా ఉంటే బండి యజమాని ఎలాంటివాడో కూడా సగం తెలిసిపోతుంది.

పాత బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు నా మొదటి షరతు ఒకటే: నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి పెడతాను. ఒకచోట అది వెచ్చగా తగిలింది. "ఇప్పుడే కడిగి తెచ్చామండీ" అన్నారు. సరే, రేపు పొద్దున్నే వస్తానని వచ్చేశాను. మర్నాడు చల్లటి ఇంజన్ తాళం తిప్పగానే మూడు సెకన్లపాటు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు, తర్వాత సర్దుకుంది. టైమింగ్ చైన్ సాగిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే సైలెన్సర్ నుంచి లేత నీలం పొగ. నిన్న వేడి ఇంజన్‌తో చూసి ఉంటే ఈ రెండూ కనిపించేవి కావు. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోంది. నలుపైతే పెట్రోలు ఎక్కువ పడుతోంది. చలి ఉదయం పూట కాసేపు వచ్చే పల్చటి ఆవిరిని చూసి కంగారుపడకండి. హైబ్రిడ్‌లో తాళం తిప్పగానే ఇంజన్ లేవకపోవచ్చు, అది లేచేదాకా ఓపిగ్గా నిలబడండి.

ఆయిల్ మూత విప్పి లోపల చూడండి. మజ్జిగ నురగలాంటిది దట్టంగా అంటుకుని ఉంటే అనుమానించాలి, కూలెంట్, ఆయిల్ కలుస్తున్నాయేమోనని. చిన్న ప్రయాణాలు చేసే బండ్లలో తేమవల్ల పల్చగా కనిపించవచ్చు, కాబట్టి దాన్నొక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ మూత తీసి నూనె తెట్టు ఉందేమో చూడండి.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి తీసుకెళ్లడం మర్చిపోకండి. స్టీరింగ్ కింద సాకెట్టులో పెడితే చాలు. "కోడ్లు ఏమీ లేవు" అని రాగానే సంబరపడకూడదు. అమ్మేవాళ్లు ముందురోజు చెరిపేసి ఉండొచ్చు. అందుకే రెండో విషయం చూడాలి: బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా. చెరిపేశాక అవి మళ్లీ పూర్తవడానికి కొంత నడవాలి. చాలా స్కానర్లు కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా చూపిస్తాయి. అక్కడ 9 అని కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీటర్ తిప్పారేమో అన్న అనుమానానికి మెకానిక్ అక్కర్లేదు. 40 వేలు తిరిగిన బండిలో బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు అరిగిపోవు, స్టీరింగ్ తోలు అద్దంలా మెరవదు, డ్రైవరు సీటు అంచు నలిగి కూలబడదు. టైర్ల మీద చివరన ఉండే నాలుగు అంకెలు చదవండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. బండి 2021దైతే, మీటర్ 25 వేలు చూపిస్తుంటే, నాలుగు టైర్లూ అప్పుడే మార్చేసి ఉంటే, ఎందుకని అడగాలి.

గుద్దిన బండి అయితే బోనెట్ బోల్టులు చెబుతాయి. ఫ్యాక్టరీలో బిగించాక రంగు వేస్తారు, విప్పితే ఆ రంగు అంచుల్లో పగులుతుంది. రంగు మందం కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద 300 వస్తే మళ్లీ రంగు పడింది, వేలల్లోకి పోతే కింద లప్పం ఉంది. ఒక తలుపుకి టచప్ పడితే ఫర్వాలేదు, ఊళ్లో తిరిగే బండికి గీతలు పడకుండా ఉండవు. పైకప్పు మోసే స్తంభాల మీద, ముందు చట్రం మీద ఆ లెక్కలొస్తే వదిలేయండి.

నీళ్లలో మునిగిన బండి విషయంలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఇంటి కోసం కొన్న రెండో బండి. ఇంజన్ విన్నాను, గేర్లు చూశాను, పనిచేసేవాణ్ణి కదా అన్న ధీమా. సీట్లు కొత్తగా ఉన్నాయని మురిసిపోయాను, ఎందుకు కొత్తగా ఉన్నాయని అడగలేదు. నాలుగో నెలలో ఒకరోజు కిటికీ అద్దం దానంతటదే దిగింది, తర్వాత హారన్, తర్వాత ఏబీఎస్ లైటు. చివరికి సీటు బెల్టుని పూర్తిగా బయటికి లాగి చూస్తే, ఆఖరి జానెడు దగ్గర ఎర్రమట్టి గీత, కొలబద్దతో గీసినట్టు. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఆ గీతే చెప్పింది. అప్పటినుంచి ఏ బండి చూసినా మొట్టమొదట నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగుతాను. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంతలో బురద, ముక్కు బద్దలయ్యేంత సెంటు వాసన కూడా అదే కథ చెబుతాయి.

రీకాల్ పనులు (లోపం బయటపడ్డాక కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి చేసే మరమ్మతులు) అయ్యాయో లేదో 17 అక్షరాల చాసిస్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూడొచ్చు, ఉచితం. తకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల రీకాల్ ఎన్నో కంపెనీల బండ్లను తాకింది. పాత బండి ఏదైనా ఇది చూడకుండా కొనకూడదు. అలాగే హ్యుందాయ్ సొనాటా 2011 నుంచి 2014 దాకా మోడళ్లలో ఇంజన్ బేరింగుల రీకాల్ జరిగింది. రీకాల్ అయిందంటే ఆ బండి చెడ్డదని కాదు. పని చేయించుకున్న బండి, చేయించుకోని దానికన్నా మంచిది.

భద్రత గురించి ఒక్క మాట: బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ లేని సెడాన్‌ను పిల్లలున్న ఇంటికి నేను ఎంచను. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. మిగతాచోట్ల ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

ఇక మీ ఇంటి మనుషులు. టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరే వెళ్లకండి. పెద్దావిడని తీసుకెళ్లి వెనక సీట్లో నాలుగుసార్లు ఎక్కించి దింపండి. సెడాన్ కిందికి ఉంటుంది, మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకి కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. ఆవిడ తలుపు పైన పిడి పట్టుకుని లేస్తున్నారా, ముందు సీటు పట్టుకుని లాక్కుంటున్నారా చూడండి. పాప సీటుని బండికి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వేళ్లకి అందుతున్నాయో లేదో, ఆ సీటు బిగించాక పక్కన ఇద్దరు పెద్దవాళ్లు పడతారో లేదో అక్కడే తేల్చుకోండి. చిన్న సెడాన్‌లో వెనక ముగ్గురు అన్నది కాగితం మీద మాటే. డిక్కీ లీటర్లు చూసి మోసపోకండి, మూత కీళ్లు లోపలికి వంగి వచ్చి సామాను మీద కూర్చుంటాయి. మీ స్ట్రోలర్ పెట్టి మూత వేసి చూడండి.

కొత్తదే మేలు అనే సందర్భాలు లేకపోలేదు. కొత్త బండికి చరిత్ర లేదు, వారంటీ ఉంది, రాత్రి నిద్ర పడుతుంది. విలువ మొదటి రెండు మూడేళ్లలో వేగంగా పడిపోతుంది నిజమే, కానీ మీరు పదేళ్లు ఉంచుకుంటానంటున్నారు కాబట్టి ఆ నష్టం పలచబడుతుంది. కొత్తది తీసుకుంటే మాత్రం పూర్తిగా మారిన మోడల్ మొదటి ఏడాదిది తీసుకోకండి. రెండు మూడేళ్లుగా అదే ఇంజన్, అదే గేరుబాక్సుతో వస్తున్నది చూడండి, మొదట బయటపడిన లోపాలు అప్పటికి సర్దుకుంటాయి. చక్రాలు పెద్దవిగా ఉన్న ఖరీదైన రకం కూడా మీకు వద్దు. టైర్ల ఖర్చు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, గుంతల్లో పెద్దావిడ నడుం విరుగుతుంది.

మీరు చెప్పిన రెండిటిలో నా మొగ్గు హైబ్రిడ్ వైపే. ఐదుగురికి ఆ వెనక సీటు కావాలి, ఆ ట్రాఫిక్‌కి ఆ ఇంజన్ సరిపోతుంది. అయితే మూడు షరతులు. మొదటి నుంచీ సర్వీసు బిల్లులు వరుసగా ఉండాలి. చల్లటి ఇంజన్‌తో మీరు స్వయంగా వినాలి. హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష రిపోర్టు కంపెనీ వర్క్‌షాపు నుంచి అమ్మేవాళ్ల చేత తెప్పించాలి. వీటిలో ఒక్కదానికి "అవన్నీ ఎందుకండీ, బండి నేను గ్యారంటీ" అన్న జవాబు వచ్చినా బేరం ఆపేసి కొత్త చిన్న సెడాన్ బుక్ చేసుకోండి, మాన్యువల్ గానీ మామూలు ఆటోమేటిక్ గానీ.

బిల్లులు చేతికొచ్చాక ముందు తేదీలు చూడండి, తర్వాత కిలోమీటర్లు. రెండు సర్వీసుల మధ్య ఏడాదిన్నర ఖాళీ ఉంటే ఆ ఏడాదిన్నర బండి ఎక్కడుందో అడగండి. ఏమన్నారో నాకు చెప్పండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.